సరిగ్గా ఆరు

మార్చి 4, మంగళవారం ఉదయం 11 గంటల 20 నిమిషాలకు బెవర లోకనాథం తరఫున బదిలీ చేసిన 0.00412 బిట్‌కాయిన్ ప్రభుత్వ చిరునామాకు చేరింది. 12 గంటల 24 నిమిషాలకు దానికి ఆరో నిర్ధారణ వచ్చింది. ఆరు వచ్చినట్టు ధ్రువపత్రం దాఖలైతే లోకనాథాన్ని సబ్ జైలు నుంచి వదలాలని కోర్టు ఉత్తర్వు. ఆ రోజు అతన్ని వదల్లేదు. డిప్యూటీ డైరెక్టర్ సంతకం పెట్టబోయే సమయానికి నిర్ధారణలు పందొమ్మిది అయ్యాయి.

లోకనాథం వయసు ముప్పై ఒకటి. ఆ జిల్లా కేంద్రంలో బస్ కాంప్లెక్స్ ఎదురుగా అతనికి సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. నిరుడు నవంబరులో ఒక కస్టమరు రెండు పాత ల్యాప్‌టాప్‌లు కొని, డబ్బుకు బదులు బిట్‌కాయిన్ పంపాడు. జనవరిలో ఆ కస్టమరు ఒక ఆన్‌లైన్ మోసం కేసులో మొదటి నిందితుడయ్యాడు. లోకనాథం నాలుగో నిందితుడయ్యాడు. ఫిబ్రవరి 28న బెయిలు వచ్చింది. ఉత్తర్వులో షరతు ఇది: "సదరు 0.00412 బిట్‌కాయిన్‌ను ప్రభుత్వ చిరునామాకు బదిలీ చేసి, ఆరు నిర్ధారణలు వచ్చినట్లు జప్తు ఆస్తుల జిల్లా కార్యాలయం ధ్రువపత్రం దాఖలు చేసిన వెంటనే నాలుగో నిందితుని విడుదల చేయవలెను."

నిర్ధారణ అంటే ఇది. బిట్‌కాయిన్ చిట్టాలో సగటున పది నిమిషాలకు ఒక కొత్త పేజీ చేరుతుంది. లావాదేవీ ఒక పేజీలోకి ఎక్కితే ఒక నిర్ధారణ. దాని మీద ఇంకో పేజీ పడితే రెండు. ఆరు పేజీలు అయ్యాక ఆ లావాదేవీని ఎవరూ వెనక్కి తీసుకోలేరని ఆ రంగంలో వాళ్లు అనుకుంటారు. ఆ తర్వాత కూడా పేజీలు పడుతూనే ఉంటాయి. ఈ చివరి వాక్యం కోర్టు ఉత్తర్వులో లేదు.

లోకనాథం భార్య గౌరీశ్వరి ఆ రోజు పది గంటల నుంచి కార్యాలయం వరండాలో బెంచీ మీద ఉంది. సూపరింటెండెంట్ దమయంతి బయటికి రాగానే లేచింది.

"ఏటి మేడమ్, ఆరొచ్చీసినాయా?"

"వచ్చాయమ్మా."

"మరి మాయన్ని ఎప్పుడొదిల్తారు?"

"ఆరు దాటిపోయాయి."

"దాటితే మరీ మంచిది గదా?"

"మంచీ చెడూ నాకు తెలీదమ్మా. ఆరు కాదు. పద్నాలుగో నంబరు సర్క్యులర్ ఒప్పుకోదు."

పద్నాలుగో నంబరు సర్క్యులర్ తొమ్మిదేళ్ల కిందటిది. ఒక జప్తు కేసులో బంగారం 41.6 గ్రాములుంటే అప్పటి అధికారి 'సుమారు 42' అని రాశారు. ఆయనకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. తర్వాతి నెలలో సర్క్యులర్ వచ్చింది. కోర్టు ఉత్తర్వులోని సంఖ్య, ధ్రువపత్రంలోని సంఖ్య, సంతకం చేసే సమయానికి వాస్తవంగా ఉన్న సంఖ్య, ఈ మూడూ ఒకటై ఉండాలి. దమయంతి దాన్ని టేబులు అద్దం కింద పెట్టుకున్నారు.

"అది సరే," అన్నారు ఆమె గొంతు తగ్గించి. "నా ఫోనెప్పుడిస్తారు? జనవరిలో ఇచ్చాను. స్క్రీన్ పగిలిందని."

"మాయనొచ్చిన రోజే మేడమ్. నాకు షాపు తియ్యడమొచ్చు, ఫోను తియ్యడం రాదు. మీదొక్కటే కాదు, నలబైమూడున్నాయి. పొద్దు లేస్తే అందరూ నా మీదికే వొస్తన్నారు."

మార్చి 6, గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు డిప్యూటీ డైరెక్టర్ పేరిచర్ల సత్యప్రసాదరాజు గదిలో సమావేశం జరిగింది. విషయం: తేలికపాటి బిట్‌కాయిన్ క్లయింటుకు బయటి ఇంటర్‌ఫేస్ రూపకల్పన.

క్లయింటు అంటే చిట్టాను చూసే ప్రోగ్రాము. దాన్ని అవుట్‌సోర్సింగ్ ఇంజనీరు ఇందుజ ఫిబ్రవరిలోనే ఆఫీసు కంప్యూటర్లో పెట్టింది. బిట్‌కాయిన్ చిట్టా మొత్తం ఆ కంప్యూటర్లో పట్టదు. క్లయింటు పేజీల తలకట్లు, అంటే పైవరసలు మాత్రం దించుకుంటుంది. తక్కిన వివరం నెట్‌వర్కులో వేరే కంప్యూటర్లను అడుగుతుంది. బయటి ఇంటర్‌ఫేస్ అంటే, కోర్టు క్లర్కు తన సీటు దగ్గర నుంచి ఆ క్లయింటును ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకునే దారి. ఇందుజ తయారు చేసిన రూపకల్పన ఒక పేజీ. ప్రశ్న ఒకటి: లావాదేవీ నంబరు. జవాబు ఒకటి: ఎన్ని నిర్ధారణలు.

"అంటే మన దగ్గర రికార్డు లేదు," అన్నారు రాజు.

"పూర్తిగా లేదు సార్. వేరే కంప్యూటర్లను అడుగుతుంది."

"రికార్డు లేకుండా, ఎవరినో అడిగి, కోర్టుకు జవాబు చెబుతుందా?"

"వాళ్లు చెప్పింది నిజమో కాదో లెక్క వేసి చూసుకుని, అప్పుడు చెబుతుంది సార్."

"లెక్క వేసి చూసుకోవడం కొత్త," అన్నారు అసిస్టెంట్ డైరెక్టర్. "మిగతాది మన పద్ధతే."

ఇందుజ కంప్యూటరు తెర అందరి వైపూ తిప్పింది. లోకనాథం లావాదేవీ కింద 309 అని ఉంది. సమావేశం ఆ అంకెను రాసుకుంది. దమయంతి రాసుకోవడం పూర్తయ్యేలోగా అది 310 అయింది.

"ఎవరు మార్చారు?" అన్నారు రాజు.

"ఎవరూ మార్చలేదు సార్. ఇంకో పేజీ పడింది."

"మీటింగు జరుగుతుండగానా?"

"దానికి మీటింగు సంగతి తెలీదు సార్."

"మినిట్స్‌లో ఏది రాయమంటారు?" అని దమయంతి అడిగారు. చర్చ తర్వాత రెండూ రాసి, రెండింటి పక్కనా సమయం వేసి, చిన్న సంతకం పెట్టాలని నిర్ణయించారు. అప్పటికి 311 అయింది. ఇందుజ ఆ మాట పైకి చెప్పలేదు.

ఆమె మూడు మార్గాలు సూచించింది. మినిట్స్‌లో మూడూ ఉన్నాయి.

మొదటిది, 'ఆరు, ఆపైన' అని ధ్రువపత్రం ఇవ్వడం. 'ఆపైన' అనే మాట ఉత్తర్వులో లేదని తోసిపుచ్చారు. రెండోది, మార్చి 4న 12 గంటల 24 నిమిషాలకు ఆరు ఉన్నాయని రాయడం. అది వెనక తేదీ వేయడం కిందికి వస్తుందని తోసిపుచ్చారు. మూడోది, ఆరు రాగానే తెర మీద అంకె ఆగిపోయేట్టు చేయడం.

"కనిపించేది ఆరు, ఉన్నది మూడొందల పది," అన్నారు రాజు. "అమ్మాయ్, నా సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది."

కోర్టునే వివరణ అడిగితే పోలా అని ఇందుజ అంది. ఉత్తర్వు అర్థం కాలేదని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుందని దమయంతి చెప్పారు. సమావేశం ఆమెతో ఏకీభవించింది.

"ఈ సంస్థకు అధిపతి ఎవరు?" అన్నారు రాజు.

"ఏ సంస్థ సార్?"

"ఈ బిట్‌కాయిన్."

"అధిపతి లేరు సార్."

"ఖాళీయా? అయితే ఇన్‌చార్జి ఎవరు?"

"ఇన్‌చార్జి కూడా లేరు సార్. ఎవరి కంప్యూటర్ వాళ్లు నడుపుకుంటారు. అందరూ కలిసి ఒకే చిట్టా రాస్తారు."

రాజు కుర్చీలో ముందుకు జరిగారు. "పైవాళ్లు లేకుండా ఒకే చిట్టా ఎలా రాస్తారు? తేడాలు రావూ?"

"రావు సార్."

ఈ జవాబును మినిట్స్‌లో రాయలేదు.

మార్చి 7న కార్యాలయం ఒక లేఖ పంపింది. 'సంబంధిత అధికారి, బిట్‌కాయిన్' పేరిట, రిజిస్టర్డ్ పోస్టులో. అవసరానికి మించి వచ్చిన మూడు వందల నాలుగు నిర్ధారణలను ఉపసంహరించుకోవలసిందిగా అందులో కోరారు. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. సోమవారం కార్యాలయం తెరిచేసరికి నిర్ధారణలు మరికొన్ని వందలు పెరిగాయి. సెలవు రోజుల్లో ఎవరి అనుమతితో పని చేశారని అడుగుతూ జ్ఞాపిక లేఖ పంపారు. రెండు లేఖలూ మార్చి 14న తిరిగి వచ్చాయి. కవర్ల మీద 'చిరునామా అసంపూర్ణం' అని పోస్టుమాన్ రాశాడు.

లేఖలు తిరిగి రాకముందే, మార్చి 10న రాజు వేరే దారి కనుక్కున్నారు. పాత లావాదేవీ ఆరుకు తిరిగి రాదు. కొత్త లావాదేవీ సున్నా నుంచి మొదలవుతుంది. బిట్‌కాయిన్‌ను ఒక ప్రభుత్వ చిరునామా నుంచి ఇంకో ప్రభుత్వ చిరునామాకు పంపాలి. ఆరో నిర్ధారణకూ ఏడో నిర్ధారణకూ మధ్య అయిదు సంతకాలు పూర్తి చేయాలి. జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, అసిస్టెంట్ డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు. చివరి సంతకం గెజిటెడ్ అధికారిది కాబట్టి ఆకుపచ్చ సిరాతో ఉండాలి.

"పది నిమిషాలు కచ్చితంగా ఉంటాయా?" అన్నారు ఆయన.

"సగటు సార్. రెండు నిమిషాలకే రావచ్చు. గంట పట్టవచ్చు."

"సగటు చాలు. మన బడ్జెట్ మొత్తం సగటు మీదే నడుస్తోంది."

మార్చి 11న మొదటి ప్రయత్నం జరిగింది. 12 గంటల 31 నిమిషాలకు ఆరో నిర్ధారణ వచ్చింది. జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు కింది అంతస్తులో సంతకాలు పెట్టారు. ఫైలు మెట్ల మీద ఉండగా, 12 గంటల 38 నిమిషాలకు ఏడోది వచ్చింది.

మార్చి 13న అయిదు టేబుళ్లూ వరండాలో వరసగా వేశారు. మధ్యాహ్నం 1 గంట 34 నిమిషాలకు ఆరో నిర్ధారణ వచ్చింది. భోజన విరామం ఒంటి గంటన్నరకు మొదలవుతుంది. టేబుళ్ల దగ్గర ఎవరూ లేరు. బెంచీ మీద గౌరీశ్వరి ఉంది. కిటికీలోంచి తెర కనిపిస్తోంది.

"మేడమ్!" అని అరిచింది ఆమె. "ఆరొచ్చీసింది! క్యారేజీలు వొదిలీసి రండి!"

దమయంతి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఎనిమిది.

ఆ సాయంత్రమే రూపకల్పన పత్రాన్ని సవరించారు. కోర్టు క్లర్కు కంప్యూటరుకు క్లయింటుతో కనెక్షన్ ఇచ్చే ఫైలు అప్పటికి రాష్ట్ర కార్యాలయంలో ఉంది. అది వచ్చేదాకా ఆరో నిర్ధారణ సంగతి బయటికి తెలిపే ఏర్పాటు ఒకటి ఉండాలి. బడి గంటలాంటి కరెంటు గంట పెట్టాలని రాశారు. గంట వచ్చింది. మార్చి 17న అయిదో నిర్ధారణ దగ్గర కరెంటు పోయింది. కంప్యూటరుకు బ్యాటరీ ఉంది, గంటకు లేదు. గౌరీశ్వరి కిటికీ ఊచలు పట్టుకుని చదివింది.

"అయిదు... అయిదే... ఇంకా అయిదే... ఆరు! కానీండి బాబూ, కానీండి!"

నాలుగు సంతకాలు డెబ్బయి సెకన్లలో పడ్డాయి. రాజు పెన్ను తీశారు. గీశారు గానీ సిరా రాలేదు. ఆయన జేబులో ఇంకో పెన్ను ఉంది, నీలం సిరా. అటెండరు ఆకుపచ్చ పెన్ను కోసం పరిగెత్తాడు. ఏడోది ఆరు వచ్చిన నూట నలభై సెకన్లకు వచ్చింది.

"నీలం పెట్టీసుంటే పోయేది గదా సారూ," అంది గౌరీశ్వరి.

"నీలం పెడితే అది నా సంతకం కాదమ్మా."

"మరెవలిదండీ?"

రాజు పెన్ను మూత పెట్టారు. మరుసటి రోజు ఆరు ఆకుపచ్చ పెన్నులు కొన్నారు.

ఆ రోజే స్టాప్‌వాచితో కసరత్తు చేశారు. ఖాళీ కాగితం అయిదు టేబుళ్లూ దాటడానికి మొదటిసారి నాలుగు నిమిషాలు, ఆరోసారి నలభై ఎనిమిది సెకన్లు పట్టింది. సీనియర్ అసిస్టెంటు ఫైలు అందించే తీరులో లోపముందని దమయంతి అన్నారు. చదివి పెడుతున్నానని ఆయన చెప్పారు. చదవవద్దని మౌఖికంగా ఆదేశించారు.

రూపకల్పన పత్రం ఏడో ప్రతి ఈ దశలో తయారైంది. అరవై నాలుగు పేజీలు. అందులో తొమ్మిదో అధ్యాయం పేరు 'బయటి ఇంటర్‌ఫేస్'. మొదటి పేరా ఇలా ఉంది: "వరండాలోని బెంచీపై కూర్చున్న మహిళ తెరపై సంఖ్యను కిటికీ గుండా గమనించి బిగ్గరగా చదువును. సదరు మహిళ లేని యెడల ఇంటర్‌ఫేస్ పనిచేయుట లేదని భావించవలెను." గౌరీశ్వరికి ఒక విజిటర్ పాసు ఇచ్చారు. దాని మీద రోజూ తేదీ కొట్టించుకోవాలి.

ఆమె ఉదయం షాపు తెరిచి, వచ్చినవాళ్లతో మాట్లాడి, పదింటికి షట్టరు దించి కార్యాలయానికి వచ్చేది. వారానికి రెండు రోజులు ములాఖాత్‌కు సబ్ జైలుకు వెళ్లేది. ఆ రోజుల్లో ప్రయత్నాలు పెట్టుకోలేదు.

మార్చి 20న రాష్ట్ర కార్యాలయం నుంచి అదనపు డైరెక్టర్ భుజంగరావు వచ్చారు. జిల్లాలో జరుగుతున్నది ఆయన దృష్టికి వచ్చింది. 'తక్షణ పాలన' పేరిట దీన్ని అన్ని జిల్లాల్లో అమలు చేసే ఆలోచన ఉందని చెప్పారు. వరండాలో కుర్చీలు వేశారు. అయిదో నిర్ధారణ వచ్చాక ఆయన్ని రెండు మాటలు చెప్పమన్నారు.

"మిత్రులారా," అన్నారు భుజంగరావు. "నేడు సాంకేతికత పాలన గుమ్మం వద్దకు వచ్చి నిలుచున్నది. దానిని లోనికి ఆహ్వానించు బాధ్యత మనందరి మీదా ఉన్నది..."

"ఆరు!" అంది గౌరీశ్వరి.

ఎవరూ కదల్లేదు. పై అధికారి మాట్లాడుతుండగా కింది అధికారి సంతకం పెట్టే ఆనవాయితీ కార్యాలయంలో లేదు.

"...అందుకు పారదర్శకత, జవాబుదారీతనం, సమయపాలన అను మూడు స్తంభములు..."

"ఏడు," అంది గౌరీశ్వరి.

సమయపాలన దగ్గర ఎనిమిదోది వచ్చింది. జ్ఞాపిక, శాలువా అయ్యేసరికి పదకొండు.

ఆ సాయంత్రం గౌరీశ్వరి తమ లాయరు అప్పలస్వామి ఇంటికి వెళ్లింది.

"నువ్వే కోర్టుకు చెప్పు బాబూ. ఈల్లకి సంతకం పెట్టడం రావట్లేదు."

"ఇచ్చేస్తామంటున్నారు కదమ్మా. ఇప్పుడు మనం పిటిషన్ వేస్తే, మా మీద ఫిర్యాదు చేశావంటారు. మొత్తానికే ఆపేస్తారు. ఒక్క ప్రయత్నం చూద్దాం."

"ఒక్కటొక్కటీ అంటే బెయిలొచ్చి ఇరవై రోజులైపోనాది. లోపలున్నది నీ తమ్ముడైతే ఒక్కటి చూద్దామంటావేటి?"

లాయరు ఇంకొక్కటి చూద్దామన్నాడు. మార్చి 24న అయిదో ప్రయత్నంలో జూనియర్ అసిస్టెంటు రాలేదు. వాళ్ల అత్తగారి ఊళ్లో పెళ్లి.

మార్చి 27, గురువారం ఆరో ప్రయత్నం. ఉదయం 11 గంటల 5 నిమిషాలకు లావాదేవీ పేజీలోకి ఎక్కింది. 12 గంటల 10 నిమిషాలకు గౌరీశ్వరి 'ఆరు' అంది. సంతకాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు పడ్డాయి. రాజు ఆకుపచ్చ సిరాతో అయిదోది పెట్టారు. అటెండరు ముద్ర వేశాడు. యాభై రెండు సెకన్లు. అందరూ తెర వైపు చూశారు. ఆరు అనే ఉంది. ఒక నిమిషం గడిచింది. అయిదు నిమిషాలు గడిచాయి. ఆరు అనే ఉంది. ఏడో పేజీ ఆ రోజు నలభై ఒక్క నిమిషాలు ఆలస్యమైంది.

వరండాలో చప్పట్లు కొట్టారు. అసిస్టెంట్ డైరెక్టర్ రాజుతో చెయ్యి కలిపారు. అటెండరు గౌరీశ్వరికి టీ ఇచ్చాడు. ఆమె తాగలేదు. "కాయితం కవర్లో ఎట్టండి ముందు," అంది.

కవర్లో పెట్టే ముందు ధ్రువపత్రాన్ని ఉత్తర్వుతో సరిచూడాలి. అది సూపరింటెండెంట్ పని. దమయంతి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో చదివారు. పేరు సరిపోయింది. కేసు నంబరు సరిపోయింది. నిర్ధారణలు ఆరు, సరిపోయింది. తర్వాత ఆమె వేలు ఆగింది.

"సార్, ఉత్తర్వులో 0.00412 అని ఉంది."

"అవును."

"ఇందులో 0.00382 అని ఉంది."

రాజు ఇందుజ వైపు తిరిగారు.

"పంపిన ప్రతిసారీ నెట్‌వర్కు రుసుము పోతుంది సార్," అంది ఇందుజ. "త్వరగా ఎక్కాలని రుసుము ఎక్కువ పడే 'అత్యవసరం' పెట్టమన్నారు మీరు. ఆరుసార్లు పంపాం. ప్రతి నోటులోనూ నాలుగో పేరాలో రాశాను."

నోట్‌ఫైలు తెప్పించారు. నాలుగో పేరాలో ఉంది. ప్రతి నోటు కిందా అయిదు సంతకాలున్నాయి.

12 గంటల 25 నిమిషాలకు ధ్రువపత్రం మీద 'రద్దు' అని రాశారు. తగ్గిన 0.00030ని ఎవరు భర్తీ చేయాలో తేల్చేందుకు త్రిసభ్య కమిటీ వేయాలని రాజు నోట్‌ఫైల్లో రాశారు. 

గౌరీశ్వరి లేచింది. పాసు మెడలోంచి తీసి దమయంతి టేబులు మీద పెట్టింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు దమయంతి.

"కోర్టుకి."

"మధ్యాహ్నం ఇంకో ప్రయత్నం పెట్టొచ్చు. నువ్వు లేకపోతే..."

"నాను లేకపోతే పంజెయ్యట్లేదని రాసుకున్నారు గదా. అదే రాసుకోండి."

కోర్టు అక్కడికి అర కిలోమీటరు. లాయరు అప్పలస్వామిని ఆమె క్యాంటీన్లో పట్టుకుంది. ఆయన చేతిలో ఇడ్లీ ప్లేటు ఉంది. రెండు వాక్యాల మెమో రాయించి గాని కదలలేదు. మూడు గంటల పది నిమిషాలకు మేజిస్ట్రేటు ముందుకు మెమో వచ్చింది.

మేజిస్ట్రేటు చదివారు. "ఆరు రాలేదా?"

"వచ్చాయండి," అన్నాడు లాయరు. "ఆరు దాటి వచ్చాయని ఇవ్వడం లేదండి."

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "దాటితే వచ్చినట్టే కదా. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? ఎవరు చెప్పగలరు?"

"నాను సెప్తాను బాబూ," అంది వెనక నుంచి గౌరీశ్వరి. ఆమెను ముందుకు రమ్మన్నారు. ఆమె ఫోనులో తేలికపాటి క్లయింటు ఒకటి ఉంది. రెండు వారాల కిందట ఇందుజ పెట్టిచ్చింది. ఆ ఉదయం పంపిన లావాదేవీ అందులో కనిపిస్తోంది. ఆమె ఫోను బెంచి క్లర్కుకు ఇచ్చింది. క్లర్కు పైకి ఇచ్చాడు.

"ఇరవై," అన్నారు మేజిస్ట్రేటు. స్టెనో వైపు తిరిగారు. "రాయండి. ఇరవై నిర్ధారణలు వచ్చినట్టు ఈ కోర్టు స్వయంగా చూసినందున..."

"అంకె రాయొద్దు బాబూ!"

గౌరీశ్వరి ఒక అడుగు ముందుకేసింది. లాయరు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుంది.

"ఎందుకు రాయొద్దు?" అన్నారు మేజిస్ట్రేటు.

"మీరు ఇరవై అని రాస్తే, ఆల్లు ఇరవై కాడే కూకుంటారు బాబూ. ఆ కాయితం ఆల్ల కాడికెల్లీలోగా ముప్పయ్యవుతాది. మల్లీ మొదట్నుంచీ పంపుతారు. ఆ ఆఫీసులో నానిరవై రోజుల్నుంచి ఉన్నాను. మీరొక్క అంకె రాసినా మాయన బయటికి రాడు."

మేజిస్ట్రేటు ఫోను వైపు చూశారు. ఇరవై ఒకటి అయింది. ఆయన స్టెనోకు చెప్పారు: "కొట్టేయండి. షరతు నెరవేరినది. నాలుగో నిందితుని నేడే విడుదల చేయవలెను. అంతే."

"మొత్తం ఎంత అనేది రాయాలా సార్?" అన్నాడు స్టెనో.

"వద్దు."

"తేదీ సార్?"

మేజిస్ట్రేటు గౌరీశ్వరి వైపు చూశారు. "తేదీ వేయొచ్చా అమ్మా?"

"అదొక్కటీ ఎయ్యండి బాబూ," అంది ఆమె.

లోకనాథం ఆ సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు సబ్ జైలు గేటు దాటి బయటికి వచ్చాడు. అతని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది.

"ఎన్నొచ్చినాయేటి, మొత్తానికి?" అని అడిగాడు.

"లెక్కెట్టకు," అంది గౌరీశ్వరి. "నడువు. నలబైమూడు ఫోన్లున్నాయి."

మార్చి 29న దమయంతి ఫోను ఆమెకు అందింది. స్క్రీను మార్చినందుకు పద్దెనిమిది వందలు తీసుకున్నారు. సుమారు రెండు వేలు అవుతుందని జనవరిలో చెప్పారు. తేడా ఎందుకొచ్చిందని దమయంతి అడగలేదు.

కోర్టు ఉత్తర్వు నకలు ఏప్రిల్ 2, బుధవారం ఉదయం పదిన్నరకు జప్తు ఆస్తుల కార్యాలయం తపాలా రిజిస్టరులో ఎక్కింది. మార్చి 4 నాటి లావాదేవీకి అప్పటికి 4,171 నిర్ధారణలు ఉన్నాయి. ఉత్తర్వు మీద కార్యాలయం రాసిన నోటు ఇది: "ఉత్తర్వులో సంఖ్య పేర్కొనలేదు. సరిచూచుటకు వీలుపడలేదు. ఫైలు పెండింగులో ఉంచడమైనది." కింద అయిదు సంతకాలున్నాయి. చివరిది ఆకుపచ్చ సిరా.